కెమెరా అద్దెకా, సొంతానికా? ఒడిశా సరిహద్దు నుంచి ఒక లెక్క

తక్కువ ఖర్చుతో సినిమా తీయదలచిన బృందాలు కెమెరా విషయంలో వేసుకునే లెక్క సాధారణంగా ఒక్క భాగహారంతో ముగుస్తుంది. కెమెరా వెలను రోజు అద్దెతో భాగిస్తారు. వచ్చిన సంఖ్య కంటే షూటింగు రోజులు తక్కువైతే అద్దెకు తెచ్చుకుంటారు, ఎక్కువైతే కొనుక్కుంటారు. హైదరాబాదు కృష్ణానగర్‌లో ఉంటూ పొద్దున ఆటోలో వెళ్ళి కెమెరా తెచ్చుకుని రాత్రికి తిరిగి అప్పగించగలిగిన వారికి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో ఉండి తెలుగులో లఘుచిత్రమో, వెబ్ సిరీసో, చిన్న సినిమానో తీయబూనే వారికి మాత్రం ఇది తప్పు దారి చూపిస్తుంది. అద్దె వసూలయ్యేది కెమెరా దుకాణం గడప దాటిన రోజు నుంచి మళ్ళీ దుకాణానికి చేరిన రోజు వరకు; సినిమాకు పనికివచ్చేది అందులో షూటింగు జరిగిన రోజులు మాత్రమే. ఈ రెండింటి మధ్య తేడా నగరంలో దాదాపు సున్నా కాగా, సరిహద్దు జిల్లాల్లో అదే మొత్తం లెక్కను తలకిందులు చేస్తుంది.

ఈ ప్రాంతానికి వృత్తి స్థాయి పరికరాలు మూడు వైపుల నుంచి వస్తాయి. గంజాం వారికి భువనేశ్వర్ దగ్గర. బరంపురం నుంచి జాతీయ రహదారి మీద సుమారు 170 కిలోమీటర్లు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారికి విశాఖపట్నమే సహజమైన దిక్కు. గుణుపురం, పర్లాకిమిడి నుంచి నౌపడ మీదుగా, రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైలు మార్గం ఉంది. కోరాపుట్, జయపురం నుంచి సాలూరు మీదుగా ఘాట్ రోడ్డూ, అరకు మీదుగా రైలూ ఉన్నాయి. ఈ రెండు చోట్లా దొరకని పెద్ద సినిమా కెమెరా కావాలంటే హైదరాబాదుకో చెన్నైకో వెళ్ళవలసిందే. దూరం వల్ల పెరిగేది చార్జీల ఖర్చు ఒక్కటే కాదు. షూటింగు మధ్యలో బ్యాటరీ ప్లేటు విరిగినా, కార్డు పాడైనా నగరంలో గంటలో మరొకటి వస్తుంది. మహేంద్రగిరి కింద ఏ పల్లెలోనో అయితే ఆ రోజంతా పోతుంది. పోయిన రోజుకు కూడా అద్దె నడుస్తూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ అంకెలతో చూద్దాం. ఈ అంకెలు మార్కెట్ ధరలు కావు, లెక్క నడిచే తీరు తెలియడానికి వేసుకున్న ఊహలు మాత్రమే. ఎవరి అంకెలు వారు ఇందులో పెట్టుకోవచ్చు. బాడీ (లెన్సు లేని కెమెరా), దాని చుట్టూ బిగించే లోహపు చట్రం కేజ్, బ్యాటరీలు, కార్డులు కలిపి ఒక మిర్రర్‌లెస్ తరహా సినిమా కెమెరా సెట్టు పన్నుతో సహా 4,00,000 రూపాయలు అనుకుందాం. అదే సెట్టు రోజు అద్దె 3,500. పర్లాకిమిడి చుట్టుపక్కల 20 రోజుల షూటింగు పెట్టుకున్నారు. రానూపోనూ 2 రోజులు, వాన వల్లనో నటులు అందకపోవడం వల్లనో ఆగిన రోజులు 3 కలిపితే అద్దె రోజులు 25 అవుతాయి. అద్దె 87,500, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 15,750. కెమెరాతో పాటు దుకాణం మనిషి వస్తే అతని బేటా (రోజు భత్యం) రోజుకు 1,200 చొప్పున 30,000, బస, భోజనం రోజుకు 1,000 చొప్పున 25,000, ప్రయాణాలకు 5,000. అన్నీ కలిపి 1,63,250. దీన్ని షూటింగు జరిగిన 20 రోజులకు పంచితే రోజుకు 8,160 రూపాయలు దాటుతుంది. అద్దె పట్టీలో కనబడిన 3,500 కంటే ఇది రెట్టింపు పైమాటే.

ఇక కొనుగోలు వైపు. 4,00,000 పెట్టి కొన్న సెట్టు రెండేళ్ళ తరువాత సగం ధరకు అమ్ముడుపోయిందనుకుంటే కరిగిపోయింది 2,00,000. బీమా, శుభ్రం చేయించడం, చిన్న మరమ్మతులకు మరో 20,000 కలిపితే సొంత కెమెరా అసలు ఖర్చు 2,20,000. దీన్ని అద్దె పట్టీలోని 3,500తో భాగిస్తే 63 షూటింగు రోజులు వస్తాయి. రెండేళ్ళలో 63 రోజులు షూటింగు చేసే చిన్న బృందాలు తక్కువ కాబట్టి అద్దే మేలనిపిస్తుంది. అదే 2,20,000ను నిజంగా పడిన రోజు ఖర్చుతో భాగిస్తే 27 రోజులకే కొనుగోలు గిట్టుబాటవుతుంది. అంటే ఒక చిన్న సినిమా, దాని తరువాత ఒక వారం పని. మనిషి రాకుండా, డిపాజిట్టు, గుర్తింపు పత్రాలు తీసుకుని కెమెరా ఒక్కటే ఇచ్చే దుకాణం దొరికి, దాన్ని తెచ్చి అప్పగించడానికి 4,000 మాత్రమే ఖర్చయినా రోజు ఖర్చు 5,360 దాటుతుంది. అప్పుడు గిట్టుబాటు 41 రోజుల దగ్గర ఉంటుంది. పరిచయం లేని బృందానికి, అందులోనూ మరో రాష్ట్రానికి, మనిషి తోడు లేకుండా ఖరీదైన సెట్టు పంపడానికి దుకాణదారులు వెనుకాడటంలో అన్యాయమేమీ లేదు.

బృందాల ఖర్చుల పట్టికలో ఎక్కువగా విస్మరణకు గురయ్యేది ఆగిన రోజుల ఖర్చు. ఈ తీరంలో అక్టోబరు నమ్మదగిన నెల కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను బరంపురం పక్కనున్న గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అంత పెద్ద తుపాను రాకపోయినా, అల్పపీడనం పట్టి మూడు రోజులు ముసురు ఆగకపోవడం దసరా, దీపావళి రోజుల్లో వింతేమీ కాదు. అరకు మీదుగా వెళ్ళే రైలు మార్గంలో వానాకాలంలో కొండచరియలు విరిగిపడటం మామూలే. సొంత కెమెరా అయితే ఆ మూడు రోజులూ సంచిలో ఉంటుంది. అద్దె కెమెరా అయితే అదే మూడు రోజులకు డబ్బు అడుగుతుంది. అందుకే అద్దె మాట్లాడుకునేటప్పుడు రోజు ధర తగ్గించమని బేరమాడటం కంటే, ప్రయాణపు రోజులకు సగం అద్దె, వానకు ఆగిన రోజులకు అద్దె లేకపోవడం అనే రెండు షరతులను కాగితం మీద రాయించుకోవడం ఎక్కువ ఆదా. మొత్తం కాలానికి ఏకమొత్తంగా మాట్లాడుకోవడం ఇంకా మంచిది.

రాష్ట్ర సరిహద్దు దాటడంలో కాగితాల పని కూడా ఉంది. 50,000 రూపాయలకు మించిన విలువ గల సరుకును రిజిస్టరైన వ్యాపారి ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపితే, అది అమ్మకం కాకపోయినా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్‌టీ పత్రం) ఉండాలి. విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాటి వచ్చే అద్దె కెమెరా ఈ కోవలోకే వస్తుంది. డెలివరీ చలానాలో ప్రతి వస్తువు సీరియల్ నంబరుతో సహా ఉండేలా చూసుకోవడం దారిలో తనిఖీకీ, తిరిగి అప్పగించేటప్పుడు వచ్చే తగవులకూ కూడా పనికివస్తుంది. సొంత కెమెరాతో తిరిగేవారు కొన్న బిల్లు నకలు వెంట ఉంచుకుంటే చాలా ప్రశ్నలు తప్పుతాయి.

ఇంతవరకు చూసినదాన్ని బట్టి కొనడమే మేలని తేలినట్టు కనబడుతుంది. కానీ డిజిటల్ కెమెరా బాడీ తొందరగా ముసలిదయ్యే వస్తువు. 2008లో వచ్చిన కానన్ 5డీ మార్క్ 2తో తక్కువ బడ్జెట్టులో సినిమా రూపం సాధ్యమని ప్రపంచమంతా నమ్మింది. పదేళ్ళు తిరిగేసరికి దాన్ని అద్దెకు అడిగేవారు లేరు. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కే 2018లో, 6కే 2019లో వచ్చాయి. సోనీ ఎఫ్‌ఎక్స్3 2021లో, ఎఫ్‌ఎక్స్30 2022లో వచ్చాయి. 2024లో సినిమా కెమెరాలు చేసే రెడ్ సంస్థను నికాన్ కొనేసి, 2025లో రెడ్ వారి ‘రా’ పద్ధతితో (సెన్సరు పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే పద్ధతి) పనిచేసే చిన్న కెమెరాను తన పేరున దింపింది. కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాని బొమ్మ నాణ్యత తగ్గిపోదు, దాని అమ్మకపు ధర మాత్రం తగ్గుతుంది. రెండేళ్ళకు సగం అన్న పై ఊహ మూడో ఏడాదికి మూడో వంతు కావచ్చు. కాబట్టి కొనే బృందం ముందే అమ్మే తేదీ కూడా పెట్టుకోవాలి. ఎప్పటికో ఒకప్పుడు పనికివస్తుందని బీరువాలో ఉంచిన కెమెరా అద్దె కంటే ఎక్కువ నష్టం తెస్తుంది. ఆదాయపు పన్ను లెక్కలో యంత్రసామగ్రికి సాధారణ తరుగుదల 15 శాతం మాత్రమే, ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. పై ఊహ ప్రకారం బజారు తరుగుదల దీనికి సుమారు రెట్టింపు వేగంతో నడుస్తుంది.

అందులోనూ ఈ ప్రాంతపు గాలి పరికరాలకు మంచిది కాదు. గోపాలపురం తీరపు ఉప్పు తేమ లెన్సు బిగించే మౌంటు లోహాన్నీ, కనెక్టర్లనూ తినేస్తుంది. కోరాపుట్ కొండల్లో నెలల తరబడి ఉండే వానాకాలపు తేమకు లెన్సుల లోపల బూజు పడుతుంది. గాలిలో తేమ 65-70 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే బూజు పుట్టడం ఖాయమనుకోవచ్చు. తేమను 40-50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్టు సొంత కెమెరా ఖర్చులో భాగమే కానీ విలాసం కాదు. అంత పెట్టలేనివారు గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, అది రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టుకుంటే చాలావరకు గడుస్తుంది. సముద్రపు ఒడ్డున షూటింగు జరిగిన రాత్రి, ఎంత అలసిపోయినా, తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో ఆరబెట్టకుండా పెట్టెలో పెట్టకూడదు.

అసలు ప్రశ్నను కెమెరా అనే ఒకే ముద్దగా అడగడంలోనే పొరపాటు ఉంది. సెట్టులోని వస్తువులన్నీ ఒకే వేగంతో పాతబడవు. మంచి ట్రైపాడ్ పదేళ్ళు దాటి పనిచేస్తుంది. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు, రిఫ్లెక్టర్లు, స్టాండ్లు, మైకులు కెమెరా తరాలతో సంబంధం లేకుండా నిలుస్తాయి. లెన్సుల సంగతి కొంత వివరంగా చూడాలి. లెన్సు ఆనుకునే మౌంటు అంచు నుంచి సెన్సరు వరకు ఉండవలసిన దూరం నికాన్ ఎఫ్ మౌంటులో 46.5 మిల్లీమీటర్లు, కానన్ ఈఎఫ్‌లో 44, సినిమా కెమెరాల పీఎల్ మౌంటులో 52. సోనీ ‘ఈ’ (E) మౌంటులో 18 మాత్రమే. ఎక్కువ దూరం కోరే లెన్సును తక్కువ దూరం ఉన్న బాడీకి సాదా అడాప్టరుతో బిగించవచ్చు, దీనికి విరుద్ధంగా కుదరదు. అందువల్ల చేత్తో ఫోకస్ తిప్పే పాత నికాన్ లెన్సులు రెండో మూడో కొనుక్కున్న బృందం, రేపు ఏ బాడీ అద్దెకు తెచ్చినా చాలావరకు వాటినే వాడుకోగలదు. ఫోకస్ మారినప్పుడు చట్రం కొంచెం ఊగడం, అపెర్చరు (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) మెట్లుమెట్లుగా తిరగడం వంటి లోపాలు వాటికి ఉన్నాయి. తక్కువ బడ్జెట్టు చిత్రానికి అవి పెద్ద అడ్డంకులు కావు. కొనవలసింది మెల్లగా పాతబడే వాటిని, అద్దెకు తేవలసింది త్వరగా పాతబడే బాడీని అన్న సూత్రం నగరంలో పూర్తిగా సరైనది. సరిహద్దు ఊళ్ళలో ఆ సూత్రం లెన్సుల దాకా నిలబడి, బాడీ దగ్గరకు వచ్చేసరికి పైన చెప్పిన దూరపు ఖర్చుతో తడబడుతుంది.

నిల్వ ఖర్చు రెండు దారుల్లోనూ ఒకటే కనుక త్వరగా చెప్పుకోవచ్చు. సెకనుకు 250 మెగాబిట్ల చొప్పున 25 ఫ్రేముల 4కే తీస్తే గంటకు సుమారు 112 జీబీ అవుతుంది. రోజుకు రెండు గంటల ఫుటేజీ, 20 రోజులు అనుకుంటే నాలుగున్నర టీబీ. రెండు నకళ్ళకు తొమ్మిది టీబీ. రా పద్ధతిలో సెకనుకు 100 మెగాబైట్లు రాసే అమరికలో గంటకే 360 జీబీ. హార్డ్ డిస్కులు ఎలాగూ కొనవలసినవే. అద్దె కెమెరా చవకగా దొరికిందని రా తీసేవారు డిస్కుల దగ్గర ఆ మిగులును పోగొట్టుకుంటారు.

ఇక్కడ అద్దె, కొనుగోలు కాక మూడో దారి ఒకటుంది. బరంపురం, రాయగడ, జయపురం వంటి పట్టణాల పెళ్ళి వీడియో స్టూడియోల్లో ఇప్పుడు ఉండే మిర్రర్‌లెస్ కెమెరాలకూ, నగరపు దుకాణాలు చిన్న సినిమాలకు అద్దెకిచ్చే వాటికీ పెద్ద తేడా లేదు. కొన్నిచోట్ల మోడలు కూడా అదే. వాటి యజమానులు ఊరివారే, పరిచయస్తులే. ముహూర్తాల రోజుల్లో అవి ఏ ధరకూ దొరకవు, ముహూర్తాలు లేని రోజుల్లో అవి అల్మరాలో ఉంటాయి. కాబట్టి ఈ ప్రాంతంలో షూటింగు తేదీలు పంచాంగం చూసి పెట్టుకోవడం మూఢనమ్మకం కాదు, వ్యాపారపు తెలివి. తెలుగు కుటుంబాలకు శూన్యమాసాలైన ఆషాఢం, భాద్రపదం వానల్లో పడతాయి, షూటింగుకు అంతగా పనికిరావు. పుష్యం మాత్రం డిసెంబరు చివర, జనవరి ప్రాంతంలో వస్తుంది. వానలు వెనకబడి, కొండల మీద వెలుగు శుభ్రంగా ఉండే కాలం. అయితే ఊరి స్టూడియోలకు పని ఇచ్చేది తెలుగువారొక్కరే కాదు. మన చాంద్రమాసం అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంచాంగంలో పౌర్ణమితో ముగుస్తుంది. అంచేత రెండు లెక్కల్లోనూ పుష్యంగా ఉండేది ఆ నెల శుక్లపక్షం మాత్రమే. ఆ పక్షాన్ని నడిమిన పెట్టుకుని అటూ ఇటూ కొన్ని రోజులు మాట్లాడుకుంటే మంచి ధర కుదురుతుంది. గురు మూఢమి, శుక్ర మూఢమి రోజులు రెండు వర్గాలకూ ఒకేలా వర్తిస్తాయి కాబట్టి అవి వచ్చిన ఏడాది మరింత వెసులుబాటు. బరంపురంలో రెండేళ్ళకొకసారి చైత్రంలో నెల పొడవునా సాగే ఠాకురాణి యాత్ర ఉన్న ఏడాది మాత్రం ఆ వేసవిలో ఊరి కెమెరాలన్నీ యాత్ర మీదే ఉంటాయని గుర్తుంచుకోవాలి.

ఈ దారికి ఒక చిక్కు ఉంది. పెళ్ళి స్టూడియో కెమెరాలను రాత్రింబగళ్ళు వాడతారు. సెన్సరు మీద దుమ్ము, వదులైన హెచ్‌డీఎంఐ రంధ్రం, సగం బలం పోయిన బ్యాటరీలు ఉండే అవకాశం ఎక్కువ. తీసుకునే ముందు తెల్లని గోడ మీద అపెర్చరు బాగా మూసి ఒక నిమిషం తీసి చూస్తే మచ్చలన్నీ బయటపడతాయి. బ్యాటరీలు ఎన్ని నిమిషాలు నిలుస్తున్నాయో ఒక పూట ముందే చూసుకోవాలి.

పెద్ద సినిమా కెమెరాల విషయంలో చర్చకు తావు తక్కువ. 2010లో వచ్చిన ఆరి అలెక్సా కుటుంబపు కెమెరాలు, 2015 నాటి అలెక్సా మినీతో సహా, తక్కువ బడ్జెట్టు బృందం కొనే వస్తువులు కావు. దుకాణం మనుషులతో సహా అద్దెకే వస్తాయి. హాలీవుడ్‌లో పేరున్న పానావిజన్ అయితే తన కెమెరాలను ఎవరికీ అమ్మదు, అద్దెకు మాత్రమే ఇస్తుంది. ఇలాంటి కెమెరా నిజంగా అవసరమైన సన్నివేశాలు సినిమాలో ఎన్ని ఉన్నాయో చూసి, వాటిని నాలుగైదు రోజుల్లోకి కుదించి, మిగతాదంతా చిన్న కెమెరాతో తీయడం సరిహద్దు ఊళ్ళలో చేయదగిన పని. రాత్రి దృశ్యాలు, దీపపు వెలుగు, ఎండ నీడల తీవ్ర భేదం ఉన్న దృశ్యాలు అలాంటివి. రెండు కెమెరాల రంగులు కలపడం, చిత్రానికి రంగులు సరిదిద్దే కలరిస్టుకు కొంత పని పెంచుతుంది కానీ అసాధ్యమేమీ కాదు.

రీలు ఫిల్ము మీద తీయాలన్న మోజు ఈ మధ్య కుర్రవారిలో మళ్ళీ కనబడుతోంది. పాత 16 మిల్లీమీటర్ల కెమెరా కొనడానికి డిజిటల్ బాడీ అంత ఖర్చు కాకపోవచ్చు. అయినా ఇక్కడ అసలు ఖర్చు కెమెరాది కాదు. 400 అడుగుల రీలు 24 ఫ్రేముల వేగంతో 11 నిమిషాలే నడుస్తుంది, 100 అడుగుల రీలు మూడు నిమిషాలు కూడా రాదు. ఫ్యూజీఫిల్మ్ 2013లో సినిమా నెగటివు తయారీ ఆపేసింది. దేశంలో నెగటివు కడిగే ల్యాబులు ఆ కాలంలోనే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ముడి ఫిల్ము, కడగడం, స్కానింగు ఖర్చుల ముందు కెమెరా ఖర్చు చిన్నది కనుక, ఫిల్ము మీద తీసేవారికి కొనాలా అద్దెకా అన్నది దాదాపు లెక్కలోకి రాని ప్రశ్న.

సొంతంగా కొనే స్తోమత ఒక్కరికి లేనప్పుడు నలుగురు కలిసి కొనడం ఈ జిల్లాల్లో అన్నింటికంటే ఆచరణకు దగ్గరగా ఉన్న ఏర్పాటు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి బృందాలు మూడు కలిస్తే ఏడాదికి ఒక్కొక్కరికి పది షూటింగు రోజులు చాలు, పైన చెప్పిన 27 రోజుల గిట్టుబాటు ఒక్క ఏడాదిలోనే దాటిపోతుంది. స్నేహాలు చెడేది కొనేటప్పుడు కాదు, కెమెరా కింద పడినప్పుడు. అందుచేత కాగితం మీద నాలుగు సంగతులు ముందే రాసుకోవాలి: ఎవరి చేతిలో ఉండగా పాడైతే వారే మరమ్మతు భరించాలా, లేక ఉమ్మడి నిధి నుంచా, ఒకే తేదీకి ఇద్దరికి కావలసి వస్తే ఎవరికి ముందు, బయటివారికి అద్దెకిస్తే వచ్చిన డబ్బు ఎలా పంచాలి, ఏ నెలలో అమ్మేయాలి. బీమా ఎవరి పేరున ఉందో, ఇతరుల చేతిలో ఉండగా జరిగిన నష్టానికి అది వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూసుకోవాలి. తాళం పగలగొట్టిన గుర్తు లేకుండా పోయిన వస్తువుకు పరిహారం ఉందా అన్నది కూడా అందులోనే వెతకవలసిన వాక్యం. షూటింగు స్థలంలో వస్తువులు పోయేది ఎక్కువగా ఆ విధంగానే.